సయా బుల్లియ్య ముక్కు

రంగూన్‌లోని తామ్వే పేటలో రైలు గేటు దాటాక రెండో సందులో, రేకుల కప్పు కింద బుల్లియ్య షెడ్డు ఉంది. దానికి బోర్డు లేదు. ఉన్న ఒక్క బోర్డూ తుపానుకు ఎగిరిపోతే మళ్ళీ రాయించలేదు. నా అడ్రసు తెలియనివాడి బండి నాకెందుకు అంటాడు. గర్వం అంటే గర్వమే. కార్బురేటర్ బండ్లు తిరిగే రోజుల్లో ఆ గర్వానికి ఒక ఆధారం ఉండేది. ఆ ఆధారం ఆయన ముక్కు.

చూడటానికి అదేమంత గొప్ప ముక్కు కాదు. చిన్నప్పుడు అహ్లోన్ రేవులో బస్తాల మీంచి దూకి విరగ్గొట్టుకున్నాడు, అందుకని కొంచెం ఎడమకు వంగి ఉంటుంది. కానీ ఇంజను స్టార్టు చేయించి, సైలెన్సర్ వెనక గొంతుక్కూర్చుని, ఒక్కసారి గాలి పీల్చి, "పచ్చి" అనో "ఎండు" అనో తేల్చేసేవాడు. పచ్చి అంటే పెట్రోలు ఎక్కువై గాలి చాలడం లేదని. ఎండు అంటే గాలి ఎక్కువై పెట్రోలు చాలడం లేదని. మిగతా మెకానిక్కులు పూటంతా స్క్రూలు తిప్పి కనుక్కునే సంగతి ఇది. వాళ్ళ నాన్న అచ్చయ్య అహ్లోన్ బియ్యం మిల్లులో బాయిలరు దగ్గర పనిచేసేవాడు. ఊక మండే వాసనను బట్టి ఆవిరి ఎంత ఉందో చెప్పేవాడట. కనుక ఇది వంశంలో వస్తున్న ముక్కు అని బుల్లియ్య నమ్మకం. బర్మా వాళ్ళు పాఠం చెప్పే పంతులునీ, పని తెలిసిన మేస్త్రీనీ కూడా సయా అనే పిలుస్తారు. ఆ పిలుపు చెవిన పడితే చాలు, ఆయన మెడ ఓ అంగుళం పైకి లేచేది.

అంత ముక్కు ఉన్నవాడికి ఇంట్లో గిట్టని వాసన ఒక్కటే, నాపి. పులియబెట్టిన చేపల ముద్ద. అది లేకుండా రంగూన్‌లో ఎవరికీ ముద్ద దిగదు. బుల్లియ్య మాత్రం పెళ్ళయిన నాటి నుంచి దాన్ని గడప దాటనివ్వలేదు. ఆయన భార్య రాజ్యానికి అదంటే మహా ఇష్టం. పాపం, పక్కింటికి వెళ్ళి తిని, నోరు కడుక్కుని, తమలపాకు వేసుకుని మరీ ఇంటికొచ్చేది. అయినా పట్టేసేవాడు.

ఆ జ్వరాల ఏడాది, జనం ఆక్సిజన్ సిలిండర్ల కోసం వీధుల్లో పరుగులు పెట్టిన వానాకాలంలో, బుల్లియ్య పదకొండు రోజులు మంచం పట్టాడు. బతికి బయటపడ్డాడు. లేచి షెడ్డుకు వెళ్ళి, పెట్రోలు డబ్బా మూత తీసి చూస్తే అందులో నీళ్ళున్నట్టే ఉంది. డబ్బాను ముక్కుకు ఆనించి పీల్చాడు. ఏమీ లేదు. నెలలో వస్తుందిలే అనుకున్నాడు. ఏడాది అయింది, రెండయ్యాయి, మూడయ్యాయి. రాలేదు.

ఎవరికీ చెప్పలేదు. చెబితే ఇక ఆయన దగ్గర మిగిలేదేమిటి? పొద్దున సందు మొగలో అట్లు పోసి అమ్మే రాజ్యానికి కూడా చెప్పలేదు. అట్టు మాడుతుంటే పొగ చూసి ముక్కు మూసుకునేవాడు, అగరొత్తి కనబడితే ఆహా అనేవాడు. షెడ్డులోనూ అదే నాటకం. కళ్ళతో పొగ రంగు చూసి, చెవులతో ఇంజను మోత విని, ముక్కుతో కనిపెట్టినట్టు నటించేవాడు. ఎలాగూ కార్బురేటర్ బండ్లు చాలామటుకు పోయాయి. ఇప్పుడన్నీ జపాన్ బండ్లు, కంప్యూటర్లు. వాటికి వైరు తగిలిస్తే రోగం తెర మీద కనబడుతుంది.

ముక్కు అవసరమైన బండి ఆయన చేతిలో ఒక్కటే మిగిలింది. అది దా న్వే న్వే అనే పెద్దావిడ బండి.

పందొమ్మిది వందల అరవై తొమ్మిది నాటి అమెరికా బండి అది. రెండు తలుపులు, మడిచే పైకప్పు, ముందు భాగమంతా నిండిన ఎనిమిది సిలిండర్ల ఇంజను. ఎవరో రాయబార కార్యాలయపు ఉద్యోగి వదిలి వెళితే, దా న్వే న్వే భర్త ముచ్చటపడి కొన్నాడు. పెట్రోలు తాగే తీరు చూసి బుల్లియ్య దానికి దొర అని పేరు పెట్టాడు. పందాల్లో ఉరకడానికి పుట్టిన ఆ దొర రంగూన్‌లో వెలగబెట్టే ఉద్యోగం ఏమిటయ్యా అంటే, ష్యిన్‌ప్యు ఊరేగింపులు. మన ఒడుగు లాంటి వేడుక అది. మగపిల్లవాణ్ణి కొన్నాళ్ళు మఠానికి పంపే ముందు రాజకుమారుడిలా ముస్తాబు చేసి, పగోడా చుట్టూ తిప్పుతారు. బండి మనిషి నడకన, రెండేసి గంటలు నడవాలి. పాపం దొరకు అది ఎంత కష్టమో బుల్లియ్యకే తెలుసు.

ఈ ఏడు దసరాకు ముందు, వానలు తగ్గుముఖం పట్టగానే, దొర మామూలు పరీక్షకు షెడ్డుకు వచ్చింది. ఆయుధపూజ నాడు స్పానర్లు, జాకీలు, రెంచీలతో పాటు దానికీ బొట్లు పెట్టి, దండ వేసి పంపించారు. తాడింజు దీపాల పండగ వెళ్ళిందో లేదో మొదటి ఊరేగింపు వచ్చింది. శ్వేడగోన్ పగోడా దక్షిణపు మెట్ల ముందు దొర నల్లటి పొగ కక్కి ఆగిపోయింది. స్టార్టు చేస్తే పది గజాలు నడిచి మళ్ళీ ఆగింది. గులాబీ రంగు పట్టు లుంగీలు కట్టుకున్న మేనమామలు చెమటలు కక్కుతూ తోశారు. చివరికి రాజకుమారుడు కిరీటంతో సహా దిగి సైకిల్ రిక్షా ఎక్కాడు. వీధి వీధంతా నవ్వింది.

మర్నాడే దా న్వే న్వే షెడ్డుకు వచ్చింది. డెబ్బై దాటిన మనిషి, మాట మెత్తన, నిర్ణయం గట్టి. "సయా, వచ్చే ఆదివారం మా మనవడి ష్యిన్‌ప్యు. ఆ రోజు కూడా ఇది ఆగిందంటే, ఈ ఇంజను పీకించి కంప్యూటరున్న జపాన్ ఇంజను వేయిస్తాను. మా ఆయన ఉంటే నన్ను తిట్టేవాడే. కానీ నా మనవడు రిక్షాలో వెళ్ళడం నేను చూడలేను" అంది బర్మీస్‌లో. తర్వాత, భర్త బతికున్నప్పుడు చేసినట్టే, బండి వెనకకు వెళ్ళి నిలబడి అడిగింది. "వాసన ఎలా ఉంది సయా?"

బుల్లియ్య గొంతుక్కూర్చుని గట్టిగా పీల్చాడు. నల్ల పొగ కంటికి కనబడుతూనే ఉంది కదా, "పచ్చి. సరిచేస్తాను" అన్నాడు. ఆమె నమ్మకంగా తల ఊపి వెళ్ళింది. ఆ నమ్మకమే ఆయనకు గుచ్చుకుంది. దొర ఇంజను పోతే తనను సయా అని పిలవడానికి ఈ ఊళ్ళో మరో కారణం ఉండదు. ఆ సంగతి తలుచుకుంటే ఆయనకు నిజంగా భయం వేసింది.

బుధవారం మొదలుపెట్టాడు. ముందు పెట్రోలును తిట్టి, ట్యాంకు ఖాళీ చేసి మంచిది పోయించాడు. చోక్ పలక ఇరుక్కుందేమో చూశాడు, ఇరుక్కోలేదు. ఫ్లోటు మట్టం కొలిచాడు, సరిగ్గా ఉంది. ఎయిర్ ఫిల్టర్ తీసి, కార్బురేటర్ నోటికి అరచెయ్యి సగం అడ్డం పెట్టాడు. ఇంజను అప్పుడే చచ్చేంత పని చేసింది. గాలి గొట్టం ఒకటి ఊడదీసి పక్క నుంచి అదనంగా గాలి అందిస్తే మాత్రం హాయిగా తిరిగింది. అంటే గాలికే కరువు. పైగా రోడ్డు మీద ఉరికిస్తే బంగారం, మనిషి నడకన నడిపిస్తేనే రోగం. కనుక తప్పు స్లోలో పెట్రోలు అందించే దారిలో ఉంది. ఇంతవరకూ ముక్కుతో పని లేదు.

గురువారం ప్లగ్గులు ఎనిమిదీ విప్పి, ఏ సిలిండర్ది ఆ వరసలో, పాత పేపరు మీద పరిచాడు. నాలుగు చక్కటి ఇటుక రంగులో ఉన్నాయి. నాలుగింటికి కాటుక పట్టింది. ఎడమ వరసలో ఆ చివరా ఈ చివరా ఉన్న రెండూ, కుడి వరసలో నడిమి రెండూ. ఇంకొకడైతే బుర్ర గోక్కునేవాడు. బుల్లియ్యకు మాత్రం ప్రాణం లేచి వచ్చింది. కార్బురేటర్లో ఒక సగం ఆ నాలుగు సిలిండర్లకు, రెండో సగం మిగతా నాలుగింటికి పెట్రోలు పంచుతుంది. రోగం ఒక్క సగంలోనే ఉందన్నమాట.

శుక్రవారం కార్బురేటర్ విప్పాడు. ఆ సగంలో, పైన నోటి దగ్గర, సూది బెజ్జమంత గాలి రంధ్రం ఒకటి ఉంటుంది. పెట్రోలులో గాలి కలిసేది అక్కడే. దాని చుట్టూ పసుపుపచ్చటి మరక కనబడింది. పాత పెట్రోలు ఎండిపోతే సరిగ్గా అలాంటి జిగురే పడుతుంది. వెయ్యిసార్లు చూసిన జిగురు. పెట్రోలుతో కడిగాడు, స్ప్రే కొట్టాడు, మళ్ళీ పెట్రోలుతో కడిగాడు. పైకి శుభ్రంగా కనబడింది. బిగించి స్టార్టు చేస్తే మళ్ళీ అదే నల్ల పొగ. మళ్ళీ విప్పి, మళ్ళీ కడిగి, మళ్ళీ బిగించేసరికి పూట గడిచిపోయింది. ఫలితం మాత్రం మారలేదు.

శనివారం పొద్దున రాజ్యం అట్ల గిన్నెతో షెడ్డుకు వచ్చేసరికి ఆయన బండి ముందు తల పట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"తిన్నావేటి బావా రాత్రి? కంచంలో అలాగే ఒగ్గీసినావు."

"తిండి సంగతి తరవాత గానీ, ఓలే, నువ్వెల్లి లోపల కూకుని కాలితో అది కొద్దిగా నొక్కి అట్టే ఉంచు. నాను ఎనకాల సూస్తాను."

ఆమె సీటులో కూర్చుని నొక్కింది. ఆయన సైలెన్సర్ వెనక కూర్చున్నాడు. అద్దంలోంచి రాజ్యానికి ఆయన కనబడుతున్నాడు. ఒకసారి పీల్చాడు. ఇంకా ముందుకు జరిగి పీల్చాడు. పొగలో దాదాపు మొహం పెట్టి, కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే, దేన్నో బతిమాలుకుంటున్నట్టు మళ్ళీ మళ్ళీ పీల్చాడు. రాజ్యం అంతసేపూ చూసి, టక్కున తాళం తిప్పి ఇంజను ఆపేసింది. దిగి వచ్చి, మూత తీసి ఉన్న కార్బురేటర్ మీదికి వంగింది.

"బావా, ఇందులో పసుపు వాసనేటి?"

"పసుపేటే నీ మొకం! పాత పెట్రోలు జిగురది."

"జిగురైతే పుల్లగా ఉంటాది. నీ బట్టలు ఇన్నేళ్ళు నాను కదా ఉతికినాను. ఇది పసుపు. ఏడి తగిలిన పసుపు."

"కార్బురేటర్ సంగతి నీకేటి తెలుసు?"

"కార్బురేటర్ సంగతి నాకు తెల్దు. పసుపు సంగతి నీకు తెల్దు. అలాగైతే నువ్వే సూడు."

బుల్లియ్య వంగాడు. కళ్ళు మూసుకుని పీల్చాడు. "ఆఁ, అవున్లే, కొద్దిగా ఉన్నట్టే ఉంది" అన్నాడు.

రాజ్యం ఆయన భుజం మీద చెయ్యి వేసింది. "ఇంక మానీయ్ బావా. నీకు ముక్కు లేదు. మూడేళ్ళ నుంచీ లేదు. నాకు తెల్దనుకున్నావా?"

ఆయన తల ఎత్తలేదు. చేతిలో ఉన్న గుడ్డతో ఊరికే ఇంజను తుడుస్తూ ఉండిపోయాడు.

"జొరం తగ్గిన నాలుగోనాడు నాకు అనుమానమొచ్చింది. పక్కింట్లోంచి నాపి తెచ్చి నీ కంచంలో ఏసినాను. నాలుగు ముద్దలు తిన్నావు. సేపల పులుసు బాగుందే అన్నావు." ఆమె నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. "వంటింట్లోకి ఎల్లి ఏడిసినాను."

"మరి సెప్పలేదేటే?"

"నువ్వు దాసుకున్నావు కదా. నువ్వు దాసుకున్నదాన్ని నానెలా బయటికి తీస్తాను? సెప్తావులే అని సూసినాను."

బుల్లియ్యకు సిగ్గు వేసింది, దాని వెనకే గుండె మీంచి బస్తా దించినట్టూ అనిపించింది. ఇన్నాళ్ళూ ఇంట్లో తను అగరొత్తికి ఆహా అన్నప్పుడల్లా ఈమె ఎలా నవ్వాపుకుందో, లేక ఏడుపే ఆపుకుందో! కానీ ఎంతయినా మేస్త్రీ మేస్త్రీయే. కళ్ళు తుడుచుకోగానే ఆయన అడిగిన మొదటి ప్రశ్న ఇది.

"దీన్లోకి పసుపెలా వచ్చింది?"

ఈసారి తల దించుకోవడం రాజ్యం వంతయింది. "ఆయుదపూజ నాడు నువ్వు దండల కోసం గుడికాడికి ఎల్లినావు. నాను అన్నిటికీ బొట్లెట్టినాను. దొర మూత తీసుంది, నోరు తెరుసుకుని సూస్తన్నట్టుంది. దాని నోటికీ ఎట్టినాను. తల్లీ, ఇలాటోటి వాసన సూసే మా బావ ఇన్నాళ్ళు బతికినాడు, ఆడి ముక్కు ఆడికిచ్చీయి అని మొక్కినాను."

తను నిన్నటి నుంచి కడిగి పారేయాలని చూస్తున్నది ఈ మొక్కునా? బుల్లియ్య ఆమె చేతిని తన నూనె చేతిలోకి తీసుకున్నాడు. ఎంతకీ వదల్లేదు. చివరికి, "ఎంత ఎట్టినావేటి?" అన్నాడు.

"పెద్ద మొక్కు కదా. గట్టిగానే ఎట్టినాను."

ఇక తెలియనిదేముంది? తడి పసుపు రంధ్రంలోకి దిగి, ఇంజను వేడికి లోపల గంజిలా గట్టిపడింది. ఆయనేమో దాని మీద పెట్రోలు పోసి పోసి కూర్చున్నాడు. "పెట్రోలుకి పసుపు కరుగుతాదేటి? దానికి నీళ్ళు గావాల" అని రాజ్యం టీ ఫ్లాస్కులోని వేడినీళ్ళు తెచ్చింది. కొత్త చీపురులోంచి సన్నటి పుల్ల ఒకటి విరిచి ఇచ్చింది. చుక్క చుక్కగా నీళ్ళు వేసి, నానబెట్టి, పుల్లతో మెల్లగా కదిపితే నువ్వుగింజంత పసుపుపచ్చటి ముద్ద బయటికి వచ్చింది. బుల్లియ్య దాన్ని గుడ్డకు రాయబోయి ఆగాడు. అరచేతిలో పెట్టుకుని షెడ్డు గోడ మీది అమ్మవారి పటం దగ్గర ఉంచి వచ్చాడు.

తడి ఆరాక బిగించి స్టార్టు చేశాడు. నల్ల పొగ లేదు. ఇంక గాలీ పెట్రోలూ పాళ్ళు కుదిర్చే మిక్చర్ స్క్రూలు సరిచూడాలి. అసలు ముక్కుతో పని అక్కడే. ఆయన స్క్రూడ్రైవర్ పట్టుకుని ఇంజను దగ్గర వంగాడు, ఆమె చీర కుచ్చెళ్ళు దోపుకుని సైలెన్సర్ వెనక కూర్చుంది.

"ఏటంటంది?"

"కళ్ళు మండతన్నాయి."

"పచ్చి. ఇప్పుడో?"

"తగ్గింది. ఇంకా తిప్పు. ఆఁ, ఆఁ... ఇప్పుడు ఇస్త్రీపెట్టె అడుగు మాడినట్టుంది."

"ఎండు. ఎనక్కి తిప్పతన్నాను, సెప్పు."

"ఇంకొద్దిగా. అక్కడ! అక్కడుంచీ, ముట్టుకోకు."

ఆయన ముట్టుకోలేదు. ఇంజను మోత విన్నాడు. దొర గొంతు గురకలాగా, నిబ్బరంగా, ఒక్క తప్పు లేకుండా మోగుతోంది. తన ముక్కు ఉన్న రోజుల్లో కూడా ఇంత బాగా కుదిర్చాడో లేదో ఆయనకు గుర్తు రాలేదు.

ఆదివారం దా న్వే న్వే మనవడు బంగారు జరీ బట్టల్లో, పూల కిరీటంతో, దొర వెనక సీటు మీదికెక్కి కూర్చున్నాడు. పైన బంగారు రంగు గొడుగు, వెనక వాద్యాలు, ఆ వెనక చుట్టాలు. బయలుదేరే ముందు దా న్వే న్వే అలవాటు ప్రకారం బండి వెనక నిలబడి అడిగింది. "వాసన ఎలా ఉంది సయా?"

బుల్లియ్య మోకాళ్ళు వంచబోయి ఆగిపోయాడు. వెనక్కి తిరిగి, చుట్టాల మధ్య పట్టుచీరలో నిలబడ్డ భార్యను కేకేశాడు. "ఓలే రాజ్యం, ఇలాగొచ్చి సూడు!"

అంతమందిలో రాజ్యం సిగ్గుపడుతూనే వచ్చి వంగి పీల్చింది. "ఏటీ లేదు బావా. ఒట్టి ఏడి, అంతే."

ఆయన ఆ మాట బర్మీస్‌లో చెప్పి, మిగతాదీ చెప్పేశాడు. జ్వరంతో తన ముక్కు పోయిందనీ, మూడేళ్ళుగా రంగు చూసి అబద్ధం చెప్పాననీ, ఈ బండిని కుదిర్చిన ముక్కు ఈవిడదనీ.

దా న్వే న్వే ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ముందు బండి నడవనీ" అంది.

బండి నడిచింది. తూర్పు మెట్ల ముందు నుంచి దక్షిణం మెట్ల దాకా, అక్కడి నుంచి పడమటి వైపు, రెండు గంటలసేపు, చంటిపిల్ల నడకన నడిచింది. బుల్లియ్య బానెట్ పక్కనే చెవి ఒగ్గి నడిచాడు, రాజ్యం వెనక పొగ పక్కన నడిచింది. క్రితంసారి ఆగిన చోటికి వచ్చేసరికి ఆయన బానెట్ మీద చెయ్యి వేశాడు. దొర ఒక్కసారి కూడా తడబడలేదు.

మఠం దగ్గర దిగాక, సయాకని తెచ్చిన తాటాకు విసనకర్రా, కొత్త లుంగీ గుడ్డా పట్టుకుని దా న్వే న్వే నేరుగా రాజ్యం దగ్గరకు వెళ్ళింది. రెండు చేతులతో ఇస్తూ, "తీసుకోండి సయామా" అంది. పని తెలిసిన ఆడమనిషిని పిలిచే మాట అది. రాజ్యం కంగారుపడి భర్త వైపు చూసింది. బుల్లియ్య మెడ మాత్రం ఎప్పుడూ లేనంతగా, రెండు అంగుళాలు పైకి లేచింది. "వచ్చే నెల మరో రెండు ఊరేగింపులున్నాయి. ఇద్దరూ రావాలి" అని చెప్పి ఆమె లోపలికి వెళ్ళిపోయింది. జపాన్ ఇంజను ఊసు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

తర్వాత అందరూ భోజనాలకు కూర్చున్నారు. గుండ్రటి బల్ల మధ్య కూరలు, పచ్చి ఆకులు, వాటి నడుమ చిన్న గిన్నెలో నాపి. బుల్లియ్య ఆ గిన్నెను దగ్గరకు తీసుకుని వంగి చూశాడు. ఆయనకేమీ తెలియలేదు. భార్య వైపు జరిగాడు.

"ఎలాగుందే?"

రాజ్యానికి నోరూరుతోంది. అయినా ఆయన పాత ముక్కుతో ఆలోచించి, నిజమే చెప్పింది. "నీకైతే కంపే బావా."

"అలాగైతే నాకొద్దు" అని బుల్లియ్య గిన్నెను ఆమె ముందుకు జరిపాడు. "నువ్వు తిను."